కొన్నవన్నీ ఆడాల్సిందేనా?

ప్రశ్న: నా వయసు 34. ఉద్యోగం, ఇల్లు, రెండేళ్ల పాప. వారానికి ఎనిమిది గంటలకు మించి ఆటలకు దొరకవు. అవి కూడా ఎక్కువగా రాత్రి పాప పడుకున్నాకే. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో నా లైబ్రరీలో 310 వీడియో గేములున్నాయి. తెరిచి చూసినవి 40 ఉంటాయేమో. సేల్ వచ్చినప్పుడల్లా కొంటూ పోయాను. ఈ ఏడాది ఎలాగైనా ఈ గుట్ట కరిగించాలని పెద్ద ఎక్సెల్ పట్టిక వేశాను. ఆట పేరు, విడుదలైన సంవత్సరం, పట్టే గంటలు, రేటింగు, ప్రాధాన్యం, వాటికి రంగులు. సిరీస్ అయితే మొదటి భాగం నుంచే ఆడాలని నియమం పెట్టుకున్నాను. దాంతో 2007 నాటి మొదటి విచర్ దగ్గరే ఆగిపోయాను. అందరూ మెచ్చుకునే మూడో విచర్‌ను ఇంతవరకు తెరవలేదు. పెర్సోనా 5 రాయల్ 60 గంటలు ఆడి ఎనిమిది నెలల క్రితం వదిలేశాను. అది మళ్లీ మొదటి నుంచి ఆడాలా? రోజూ రాత్రి అరగంట లైబ్రరీని పైకీ కిందికీ జరిపి, చివరికి పాత ఫుట్‌బాల్ గేములో ఒక మ్యాచ్ ఆడి పడుకుంటున్నాను. ఏ వరుసలో ఆడితే ఇవి పూర్తవుతాయి? కొనడం మానేయాలా? కష్టమైన చోట 'ఈజీ'లో ఆడితే మోసం చేసినట్టా? 'ఇన్ని కొన్నారు కదా, ఎప్పుడు ఆడతారు?' అని నా భార్య అడిగితే నా దగ్గర జవాబు లేదు.

సమాధానం: ముందు లెక్క. మీ పట్టికలో గంటల గడి ఉంది కాబట్టి ఈ కూడిక మీరు ఎప్పుడో వేసి, వచ్చిన అంకె చూసి గబుక్కున మూసేసి ఉంటారని నా అనుమానం. ఆడనివి 270. సగటున ఒక్కోదానికి 20 గంటలు వేసుకుంటే 5,400 గంటలు. వారానికి ఎనిమిది చొప్పున 675 వారాలు, అంటే దాదాపు 13 ఏళ్లు. ఆ 13 ఏళ్లలో కొత్తది ఒక్కటీ కొనకూడదు, ఫుట్‌బాల్ ముట్టకూడదు, జ్వరం కూడా రాకూడదు. అప్పటికి మీ పాప సొంత గుట్ట పోగు చేసుకునే వయసుకు వచ్చేస్తుంది.

కాబట్టి ఏ వరుసలో ఆడితే పూర్తవుతాయి అన్నదానికి జవాబు సూటిగా చెబుతాను: ఏ వరుసలో ఆడినా పూర్తి కావు. ఇది మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. పూర్తి చేయడం కుదరదని ఒకసారి ఒప్పుకుంటే, వచ్చే నెల ఏం ఆడాలి అన్న చిన్న ప్రశ్నే మిగులుతుంది. దానికి జవాబు చెప్పడం తేలిక.

మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం ఆ 310 గురించి కాదు, ఫుట్‌బాల్ గురించి. అరగంట వెతికి, చివరికి తెలిసిన ఆటకే వెళ్తున్నారు. దాన్ని మీరు ఓటమిలా రాశారు. నాకైతే అందులో తప్పేమీ కనిపించలేదు. రోజంతా పని చేసి, పిల్లను నిద్రపుచ్చి, రాత్రి పదింటికి కూర్చున్న మనిషికి కొత్త గేము వినోదం కాదు, చదువు. ఏ మీట నొక్కితే ఏమవుతుంది, మ్యాపులో పసుపు గుర్తు దేనికి, నీలం గుర్తు దేనికి, ఈ రాజెవరు, ఆ రాజుతో ఇతనికి గొడవేమిటి, ఏ మూలిక ఏ మందులో కలపాలి... ఇవన్నీ మొదటి గంటలోనే నెత్తిన పడతాయి. పెద్ద ఆటల్లో ఒక గంటతో తెమలదు కూడా. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 మొదటి అధ్యాయమంతా మంచులో నెమ్మదిగా సాగుతుంది. పెర్సోనా 5 సంగతి మీకే తెలుసు. మొదటి కొన్ని గంటలు మీ ఇష్టానికి అడుగు వేయనివ్వదు, ఇవాళ అలసిపోయావు పడుకో అని అందులో వెంట ఉండే పిల్లి చెబితే పడుకోవాల్సిందే. ఫుట్‌బాల్ మ్యాచ్‌కు ఇవేవీ అక్కర్లేదు. వేళ్లకు అన్నీ తెలుసు. పావుగంటలో గెలుపో ఓటమో తేలిపోతుంది.

ఆటను మొదలుపెట్టడం వేరు, మొదలైన ఆటను కొనసాగించడం వేరు. మొదటిదానికి ఓపిక, శ్రద్ధ కావాలి. రెండోదానికి సగం మెలకువ చాలు. మీరు ఆ మొదటి పనిని రోజు మొత్తంలో మీ బలం అడుగంటిన వేళకు పెట్టుకున్నారు. అందుకే గుట్టలో దాదాపు అన్నీ మొదలే కాని ఆటలు. మీకు ఆటల మీద ఇష్టం తగ్గిపోయిందనో, బద్ధకం పెరిగిందనో అనుకోకండి. తప్పంతా ఎంచుకున్న వేళది.

నేను చెప్పే అసలు సలహా ఇది: కొత్త ఆటను సెలవు రోజు ఉదయమే మొదలుపెట్టండి. కనీసం రెండు గంటలు ఇవ్వండి. మామూలు రాత్రుల్లో కొత్తది దేన్నీ తెరవకండి, సాగుతున్నదాన్ని మాత్రమే తెరవండి. ఈ ఒక్కటి పాటించి కింద చెప్పేవన్నీ వదిలేసినా నాకు అభ్యంతరం లేదు.

సెలవు ఉదయం పాప మీ భుజం మీదే ఉంటుందని ఊహించగలను. అందుకే రోజూ కాదు, వారం వారం కూడా కాదు. నెలలో రెండు ఉదయాలు రెండేసి గంటలు మీకు కావాలని మీ భార్యను అడగండి. బదులుగా ఆమెకూ అన్నే గంటలు పాప బాధ్యత లేకుండా ఇవ్వండి. 'ఎప్పుడు ఆడతారు' అన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు ఉండదు: తేదీ, సమయం చెబుతున్నారు కదా. నెలకు రెండు ఆరంభాలు మీకు చాలా ఎక్కువ కూడా. ఒకటైనా చాలు.

ఆ ఉదయానికి ముందు రాత్రే సన్నాహాలు ముగించండి. ఆటను ఎంచుకోండి, డౌన్‌లోడ్ చేసి పెట్టండి. ఈ రోజుల్లో పెద్ద ఆటలు పదుల జీబీలు మింగుతాయి. ఆడదామని కూర్చున్నాక అప్‌డేట్ మొదలైతే ఆ రెండు గంటలూ నీలం గీత కదలడం చూస్తూ గడిచిపోతాయి. ఒకసారి తెరిచి అక్షరాల పరిమాణం, శబ్దం, కంట్రోలర్ అన్నీ సరిచూసి మూసేయండి. రాత్రి మిగిలే ఆ అరగంటకు ఇంతకంటే మంచి ఉపయోగం లేదు. లైబ్రరీ జరపడం మీకెలాగూ అలవాటే, కనీసం దానికొక ఫలితం ఉంటుంది.

ఇక ఏది ఎంచుకోవాలి అన్నది. మీ ఎక్సెల్ పట్టికను గౌరవంగా పక్కన పెట్టండి. అన్ని గడులు నింపి రంగులు వేయడానికి పట్టిన సమయంలో జర్నీ లాంటి ఆట మొదటి నుంచి చివరి దాకా అయిపోయేది, దానికి రెండు గంటలే పడుతుంది. పట్టిక తప్పు కాదు. కానీ అది మెల్లగా మరో ఆటగా మారిపోతుంది. వరుసలు తగ్గడమే గెలుపు అనిపించే ఆట అది. అప్పుడు అసలు ఆటలో కొండెక్కి సూర్యాస్తమయం చూస్తున్నా, మనసులో మాత్రం ఇంకెన్ని గంటలు మిగిలాయి అన్న లెక్కే నడుస్తుంది.

పట్టిక బదులు ఒక పని చేయండి. లైబ్రరీ తెరవకుండా, పట్టిక చూడకుండా, ఒక కాగితం మీద మీకు గుర్తున్న, ఆడాలని ఉన్న ఆటల పేర్లు రాయండి. పదో, పదిహేనో వస్తాయి. మీ అసలు గుట్ట అదే. మిగిలిన 250 పైచిలుకు మీరు ఎంచుకున్నవి కాకపోవచ్చు. ఒక ఆట కోసం హంబుల్ బండిల్ అనే ఆటల కట్ట కొంటే దానితో పాటు ఇంకో ఏడెనిమిది వచ్చి చేరాయి. ఫలానా దానికి 80 శాతం తగ్గింపు అని చూసి తగ్గింపును కొన్నారు, ఆటను కాదు. స్టీమ్ లాంటిదే మరో దుకాణం ఎపిక్ స్టోర్ 2018 డిసెంబర్ నుంచి ఉచితంగా ఆటలు ఇస్తూనే ఉంది. అక్కడా మీకో ఖాతా ఉండే ఉంటుంది, దాన్ని మీరు 310లో కలపలేదని అనుకుంటున్నాను. పేరు కూడా గుర్తులేని ఆటకు మీరేమీ బాకీ లేరు. స్టీమ్‌లో ఆటను కనిపించకుండా దాచే సౌకర్యం ఉంది. గుర్తురానివాటిని దాచేయండి. తొలగించడం కాదు కాబట్టి బెంగ అక్కర్లేదు, కావాలంటే ఎప్పుడైనా వెనక్కి తెచ్చుకోవచ్చు. తెచ్చుకోరు, అది వేరే సంగతి.

అయ్యో, డబ్బు పెట్టాను కదా అని మీ మనసు పీకుతుంది. ఆ పీకుడు మీ ఒక్కరిదే కాదు. 1985లో హాల్ ఆర్క్స్, క్యాథరిన్ బ్లూమర్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఒక నాటకశాలలో సీజన్ టికెట్లు కొన్నవారిని గమనించారు. కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు మీద టికెట్లు ఇచ్చారు. ఎవరికి ఏ ధర పడుతుందన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారు. సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవారే ఎక్కువ నాటకాలకు వచ్చారు. నాటకాలు అందరికీ అవే. ఎక్కువ పెట్టామన్న బాధే వాళ్లను ఎక్కువసార్లు కుర్చీలో కూర్చోబెట్టింది. రెండో సగానికి వచ్చేసరికి ఆ తేడా పోయింది. మీరు కొన్న ఆటల్లో చాలావరకు ఎన్నో సీజన్ల కిందటివి. ఆ డబ్బు ఎప్పుడో పోయింది. ఆడితే తిరిగి రాదు, ఆడకపోతే ఇంకా పోదు. ఇప్పుడు మీ చేతిలో ఖర్చు కాకుండా ఉన్నది వారానికి ఎనిమిది గంటలే.

గుర్తున్న ఆ పదిహేనింటిలో ఏది ముందు? విడుదలైన సంవత్సరం చూడకండి, రేటింగు అసలు చూడకండి. ఏది చెడిపోతుందో చూడండి. ఒంటరిగా ఆడే ఆట చెడిపోదు. పదేళ్లు ఆగినా అక్కడే ఉంటుంది, చాలాసార్లు ఆగినందుకు బాగుపడుతుంది కూడా. సైబర్‌పంక్ 2077 సంగతే చూడండి. 2020 డిసెంబర్‌లో విడుదలైనప్పుడు దాని పరిస్థితి ఎంత ఘోరమంటే సోనీ తన స్టోర్ నుంచే కొన్ని నెలల పాటు తీసేసింది. 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్ వచ్చాక అది దాదాపు వేరే ఆట. మొదటి రోజే కొని ఆడినవారికి దక్కింది ఒకటి, బద్ధకించి మూడేళ్లు పక్కన పెట్టినవారికి దక్కింది ఇంకొకటి. బద్ధకానికి బహుమతి దొరికే చోటు లోకంలో ఇదొక్కటే అనుకుంటాను.

చెడిపోయేవి వేరే ఉన్నాయి. సర్వర్ మీద ఆధారపడ్డవి. ద క్రూ అనే కార్ల ఆటకు 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. దాంతో డబ్బు పెట్టి కొన్నవారికి కూడా అది తెరుచుకోకుండా పోయింది. నలుగురు కలిసి ఆడే ఆటలకు ఇంకో చిక్కు ఉంది: సర్వర్ ఉన్నా మనుషులు వెళ్లిపోతారు. అలాగే గేమ్ పాస్ లాంటి చందా మీద ఆడేవి నెల నెలా కొన్ని వెళ్లిపోతుంటాయి, వెళ్లేవాటి పేర్లు ముందుగానే చెబుతారు. మీ పదిహేనింటిలో అలాంటిది ఉంటే అదే ముందు. లేకపోతే, 'ఇది ఈ రెండో శనివారం మొదలుపెడదామా' అని ఒక్కో పేరు మీద వేలు పెట్టి చూడండి. ఏ పేరు దగ్గర కొంచెం ఉత్సాహం కలిగితే అదే. ఇంతకంటే శాస్త్రీయమైన పద్ధతి అక్కర్లేదు.

సిరీస్ నియమం గురించి కాస్త గట్టిగానే చెబుతాను, ఎందుకంటే మీకు ఎక్కువ నష్టం చేసింది అదే. మొదటి విచర్ దగ్గర మూడో విచర్ ఆగిపోవడమేమిటి! 2015లో వచ్చిన ఆ మూడో భాగాన్ని ఆడినవారిలో ముందు రెండూ ముట్టనివారు ఎందరో. వైట్ ఆర్చర్డ్ అనే చిన్న ప్రాంతంలో మొదలై, లోకాన్నీ మనుషులనూ మెల్లగా పరిచయం చేస్తూ వెళ్తుంది. మొదటిదాని పోరాట పద్ధతి ఇప్పటి చేతులకు ఎక్కడం కష్టం, దాని మీద ప్రేమ ఉన్నవారే దాన్ని దాటగలరు. వరుస నిజంగా ముఖ్యమైన సిరీస్‌లు కొన్ని ఉన్నాయి. మాస్ ఎఫెక్ట్‌లో మొదటి భాగంలో ఎవరిని బతికించారో రెండు, మూడు భాగాలు గుర్తుపెట్టుకుంటాయి, అక్కడ మధ్యలో దూకితే నష్టం. ఫైనల్ ఫాంటసీలో అంకెలు ఎన్ని ఉన్నా చాలావరకు దేని కథ దానిదే. కాబట్టి నియమం కాదు, ఆ సిరీస్ గురించి రెండు నిమిషాల విచారణ చాలు. ముందు భాగాల కథ కావాలనిపిస్తే ఎవరో ఒకరు యూట్యూబ్‌లో అరగంటలో చెప్పే ఉంటారు.

మీ మొదటి సెలవు ఉదయానికి నా ఓటు మూడో విచర్‌కే. కాకపోతే ఒక హెచ్చరిక. దాని ప్రధాన కథకే 50 గంటల దాకా పడుతుంది. దారిలో కనిపించిన ప్రతి ప్రశ్నార్థక గుర్తు దగ్గరికీ వెళ్తే 150 దాటుతుంది. మీ వారాల్లో చెప్పాలంటే మొదటిది ఆరేడు వారాలు, రెండోది నాలుగు నెలలకు పైమాటే. ఆ గుర్తులను మ్యాపులో కనిపించకుండా చేసే వీలుంది, చేసేయండి. కథ, దారిలో ఎదురైన మనుషులు అడిగిన సాయాలు, అంతే. అందులో బ్లడీ బారన్ అనే సైన్యాధిపతి కథ వస్తుంది. అది మాత్రం తొందరపడకుండా ఆడండి.

దాని పక్కన ఒక చిన్న ఆట ఉంచుకోండి. రెండు చాలు, మూడోది వద్దు. పెద్దది కథ చెప్పేదైతే చిన్నది చేతులకు పని చెప్పేదిగా ఉండాలి, లేదా తలకు. రెండూ కత్తియుద్ధాలే అయితే ఒకదానిలో తప్పించుకునే మీట ఇంకోదానిలో దెబ్బ కొట్టేదై, రెండింటిలోనూ చస్తూ ఉంటారు. పోర్టల్ మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది. ఎ షార్ట్ హైక్ రెండు గంటలు కూడా పట్టదు. ఇన్‌సైడ్ కూడా నాలుగు గంటలలోపే. ఇలాంటివి మీ కాగితం మీద రెండు మూడు ఉంటే వాటికి సెలవు ఉదయం కూడా అక్కర్లేదు, రాత్రుల్లో తెరవవచ్చు. నేర్చుకోవాల్సింది తక్కువ కాబట్టి నా నియమానికి వీటిని మినహాయింపుగా రాసుకోండి. ఫుట్‌బాల్ కూడా ఉండనివ్వండి. అది గుట్ట లెక్కలోకి రాదు, నిద్ర లెక్కలోకి వస్తుంది.

ఈజీలో ఆడటం మోసమా అని అడిగారు. ఎవరిని మోసం చేసినట్టు? సెలెస్ట్ లాంటి కఠినమైన ఆటను చేసినవారే అందులో సహాయ పద్ధతి పెట్టారు. కావాలంటే ఆట వేగం తగ్గించుకోవచ్చు, దెబ్బ తగలకుండా చేసుకోవచ్చు. హేడీస్‌లో గాడ్ మోడ్ పెట్టుకుంటే తగిలే దెబ్బ 20 శాతం తగ్గుతుంది, చచ్చిన ప్రతిసారీ ఇంకో రెండు శాతం చొప్పున 80 దాకా తగ్గుతూ పోతుంది. ఎంతో ఆలోచించి చేసిన ఏర్పాటు అది. వాడుకోకపోవడమే వాళ్ల శ్రమను చిన్నచూపు చూడటం. ఒక్క మాట మాత్రం ఉంది: కష్టమే రుచిగా ఉన్న ఆటలు కొన్ని ఉంటాయి. డార్క్ సోల్స్‌లో ఒక్క తలుపు దాటడానికి పది రాత్రులు పట్టడమే ఆట. అలాంటిదానికి మీ దగ్గర ఇప్పుడు రాత్రులు లేకపోతే ఆ ఆటను పక్కన పెట్టండి. పాప పెద్దదయ్యాక చూసుకోవచ్చు. అది ఒంటరిగా కూడా ఆడగలిగే ఆటే, కాబట్టి చెడిపోదు.

ఎప్పుడు వదిలేయాలి అని మీరు అడగలేదు, కానీ మీకు కావాల్సిన సలహా అది. 'రెండు గంటలు ఆడి నచ్చకపోతే మానేయండి' అని చాలామంది చెబుతారు. స్టీమ్ కూడా కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలలోపే ఆడి ఉంటే డబ్బు వెనక్కి ఇస్తుంది కాబట్టి ఆ అంకె బాగా స్థిరపడింది. నాకు ఆ కొలత మీద నమ్మకం లేదు. రెండు గంటల దగ్గర చాలా మంచి ఆటలు ఇంకా మీటలే నేర్పుతుంటాయి. నా కొలత ఇది: రెండు రాత్రులు వరసగా ఆ ఆట గుర్తొచ్చి 'ఇవాళ వద్దులే' అనిపిస్తే, అది అయిపోయినట్టే. అది మూడో గంటలో జరగవచ్చు, నలభయ్యో గంటలో జరగవచ్చు. మీరొక్కరే వదిలేస్తున్నారని అనుకుంటే స్టీమ్‌లో ఏదైనా పేరున్న పెద్ద ఆటకు అచీవ్‌మెంట్ల (ఆటలో ఒక్కో ఘట్టం దాటితే వచ్చే గుర్తింపుల) పేజీ తెరిచి, కథ పూర్తి చేసినప్పుడు వచ్చేది ఎంత శాతం మందికి వచ్చిందో చూడండి. సగం కంటే తక్కువ ఉన్నవి కోకొల్లలు. డబ్బు పెట్టి, మొదలుపెట్టి, సగంలో లేచి వెళ్లిన ఆ జనమంతా మీలాంటివారే. ట్రోఫీలు, నూరు శాతాల జోలికి అసలు పోకండి. కథ ముగిసి పేర్లు పడటం మొదలైతే ఆట అయిపోయింది. స్టార్‌డ్యూ వ్యాలీ లాంటివాటికి ముగింపు అంటూ లేదు కాబట్టి, చాలు అనిపించిన రోజే ముగింపు.

కొనడం పూర్తిగా మానేయమని చెప్పను. నెలా రెండు నెలలు మానేసి, తర్వాతి సేల్‌లో కసిగా ముప్పై కొంటారు. స్టీమ్ పెద్ద సేల్‌లు ఏడాదికి నాలుగు, ఒక్కో రుతువుకు ఒకటి. ఇవాళ సగం ధరకు ఉన్నది మూడు నెలల్లో మళ్లీ సగం ధరకు, ఒక్కోసారి ఇంకా తక్కువకు వస్తుంది. అందుకని 'ఇప్పుడు కొనకపోతే పోతుంది' అన్నది చాలావరకు నిజం కాదు. విష్‌లిస్ట్‌లో పెట్టండి, తగ్గినప్పుడు వాళ్లే ఈమెయిల్ పంపుతారు. రాబోయే సెలవు ఉదయం మొదలుపెట్టబోయే ఆటనే కొనండి, అదీ ముందు రోజు సాయంత్రం. అయితే నిజంగానే పోయేవి కొన్ని ఉన్నాయి. అసలు కార్ల పేర్లు, పాటలు వాడుకున్న ఆటలకు ఆ హక్కుల గడువు తీరగానే అమ్మకం ఆపేస్తారు. ఫోర్జా హొరైజన్ 4ను 2024 డిసెంబర్‌లో అలాగే ఆపారు. నింటెండో తన పాత ఆట యంత్రాలు 3డీఎస్, వీ యూలకు ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణాలను 2023 మార్చిలో మూసేసింది. అలాంటి ప్రకటన వచ్చినప్పుడు, ఆ పేరు మీ కాగితం మీద ఉంటే, నియమం పక్కన పెట్టి కొనండి.

ఇక పెర్సోనా. మళ్లీ మొదటి నుంచి ఆడకండి. అరవై గంటలంటే మీకు దాదాపు రెండు నెలల ఆట సమయం. అంత దూరం మళ్లీ నడిచేసరికి మీరు ఆగిన చోటే మళ్లీ అలసిపోతారు. నిజానికి మీరు వదిలేసింది ఆట నచ్చక కాదనిపిస్తోంది, నచ్చకపోతే అరవై దాకా వెళ్లరు. మధ్యలో ఏదో పది రోజులు అడ్డం వచ్చి, తర్వాత ఎక్కడున్నామో గుర్తులేక తెరవడానికి బెరుకు పుట్టింది. ఆగిన ఆటకు తిరిగి వెళ్లడం కూడా ఆరంభమే, కాబట్టి దీనికీ ఒక సెలవు ఉదయం కేటాయించండి. కొన్ని ఆటలు ఈ విషయంలో దయగలవి. మూడో విచర్ సేవ్ తెరిచేటప్పుడు ఇప్పటిదాకా జరిగిన కథ వినిపిస్తుంది. ఔటర్ వైల్డ్స్‌లో మీరు కనుక్కున్నదంతా ఓడలోని చిట్టాలో రాసి ఉంటుంది. పెర్సోనాలో ఆ పని కొంచెం మీరే చేసుకోవాలి. సేవ్ తెరిచి, కథను ముందుకు నడపకుండా, మెనూలో కాన్ఫిడెంట్ల, అంటే ఆటలో మీరు స్నేహం పెంచుకునేవారి, జాబితా చూడండి. ఎవరితో ఎంతవరకు వచ్చారో తెలుస్తుంది, ముఖాలు చూస్తే సగం కథ గుర్తొస్తుంది. తర్వాత మెమెంటోస్ అనే భూగర్భ చిట్టడవిలోకి వెళ్లి గంటసేపు చిన్న చిన్న పోరాటాలు చేయండి. ఏ శత్రువుకు ఏ బలహీనత, బాటన్ (పోరాటంలో మీ వంతు) ఎవరికి అందించాలి అన్నది వేళ్లే వెతుక్కుంటాయి. ఇకమీదట ఏ ఆట ఆపినా, ఆపే ముందు ఫోనులో ఒక్క వాక్యం రాసుకోండి: ఎక్కడున్నాను, తర్వాత ఏం చేద్దామనుకున్నాను.

కథను ముందుకు నడిపే ముందు ఆట క్యాలెండర్‌లో తేదీ చూడండి. రాయల్‌లో కొత్తగా చేర్చిన చివరి భాగం దానంతటది తెరుచుకోదు. స్కూల్లో ఉండే డాక్టర్ మారుకితో స్నేహం నవంబర్ మధ్యలోపు తొమ్మిదో స్థాయికి చేరాలి. అరవై గంటల దగ్గర మీకింకా ఆ గడువు వచ్చి ఉండదని నా అంచనా. అలాగైతే మిగిలిన స్నేహాలన్నీ పక్కన పెట్టి, అతను కనిపించిన ప్రతి రోజూ అతని దగ్గరికే వెళ్లండి. గడువు దాటిపోయి ఉంటే ఆ చివరి భాగం రాదు, కానీ 2016 నాటి అసలు ఆట ముగింపు మీకు దక్కుతుంది. చాలామంది ఆ ముగింపు చూసే ఈ ఆటను ఇష్టపడ్డారు.